మూడు నెలల రొయ్యల కారం

జులై 21, ఆదివారం. వర్షావాసం మొదలు

ఈ రోజు నుంచి మూడు నెలల పాటు నాకు కోపం రాదు. రాకూడదు. నిండు మంటపంలో, విహారానికి పెద్ద భిక్షువైన పెద్ద భంతే ఎదుట, మైకులో చెప్పేశాను. ఒట్టు నోటికే గాని చేతికి కాదు కాబట్టి ఈ డైరీ మొదలుపెట్టాను. దొంగచాటుగా చదివేవాడు ఒక్కడే ఉండేవాడు, మా ఆయన. ఆయన ఇప్పుడు గుండు చేయించుకుని, కాషాయం కట్టుకుని, కాలువ అవతలి విహారంలో కూర్చున్నాడు.

తప్పంతా ఛలియావ్ మామది. విహారంలో మైకు పట్టుకుని మాచేత ప్రార్థనలు చెప్పించేది ఆయనే. భిక్షువుల మూడు నెలల వానాకాలపు దీక్ష, ఈ వర్షావాసం, మొదలైన రోజున ఊళ్ళో ప్రతివాళ్ళూ ఏదో ఒకటి మానేస్తామని మొక్కుకోవడం మామూలే. చేపల వ్యాపారి సారా మానేస్తానన్నాడు. ఏటా మానేస్తాడు, మొదటి వారం. పక్కింటి లమియత్ వక్కాకు మానేస్తానంది. ఆవిడ పళ్ళు ఊడిపోయి ఏడాదైంది, నమలడానికి ఏముంది గనక! నేను పంచదార మానేస్తానని చెబుదామనుకుంటున్నాను. నా వంతు వచ్చేసరికి ఛలియావ్ మామ మైకులోనే, "మన చమ్రియాంగ్ ఏం మానేస్తుందో? అరవడం మానేస్తే కాలువ మొత్తానికి పుణ్యం!" అన్నాడు.

మంటపమంతా ఘొల్లుమంది. భిక్షువుల వరుసలో చిట్టచివర కూర్చున్న మా ఆయన కూడా తల వంచుకుని భుజాలు కదిలించాడు. నేను చూశాను. నాకు ఒళ్ళు మండిపోయి మైకు లాక్కుని, "కోపమే మానేస్తాను! మూడు నెలలూ! కాదనేవాడెవడో లేచి నిలబడండి!" అని అరిచాను. ఎవరూ లేవలేదు. "సాధు, సాధు, సాధు" అన్నారు. కోపంతోనే కోపం మానేశానని ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే గాని తట్టలేదు.

ఇక ఆయన సంగతి. పోయిన మా అత్తగారికి పుణ్యం రావాలని ఈ మూడు నెలలూ భిక్షువుగా ఉంటానన్నాడు. ఆవిడ పోయి పదకొండేళ్ళు. ఇన్నాళ్ళూ గుర్తురాని పుణ్యం, నేను రేవు దగ్గర అమ్ముకునే నూడుల్స్ రసం గిన్నెలో పడవ ఇంజను కార్బురేటర్ కడిగి నాచేత తిట్లు తిన్న మర్నాడే గుర్తొచ్చింది. ఆ పెట్రోలు రసం తాగిన పోస్టుమాస్టారు ఇంకా మా రేవు వైపు తిరిగి చూడటం లేదు. గుండు చేసే ముందు మొదటి జుట్టుపాయ నేనే కత్తిరించాలి. కత్తిరిస్తూ అందరి ముందూ, "ఉండు తవిన్, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండు, నాకేం లోటు!" అన్నాను. దానికీ సాధు అన్నారు. ఈ ఊరి జనం దేనికైనా సాధు అంటారు.

జులై 22

తెల్లవారగానే అన్నం, కానాగంత చేపల వేపుడు పెట్టుకుని రేవు మెట్ల మీద కూర్చున్నాను. భిక్షువులు ఒక్కొక్కరు ఒక్కో చిన్న పడవలో భిక్షకు వస్తారు. మా ఇల్లున్న వైపు వంతు ఆయనకే పడింది.

ముప్పై ఏళ్ళు ఇంజన్లతో కాపురం చేసిన మనిషికి తెడ్డు వేయడం ఎలా వస్తుంది? ఎదురింటి గట్టును ఒకసారి గుద్ది, లమియత్ వాళ్ళ బట్టల తాడు తలకు తగిలించుకుని, చివరికి అడ్డంగా తిరిగి మా మెట్లకు ధనామని తగిలాడు. "కుడివైపు వెయ్యవయ్యా, కుడివైపు!" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. చేతులు జోడించి, "నిమంత్రణం భంతే" అన్నాను. కట్టుకున్న మొగుణ్ణి!

"ఉపాసికకు ఆరోగ్యం, ఆయుష్షు..." అని ఆయన దీవెన మొదలుపెట్టాడు. పడవ కట్టుకోవడం మరిచిపోయాడు. దీవెన సగంలో ఉండగానే పడవ వెనక్కి కొట్టుకుపోయింది. "బలం, సుఖం" అన్న రెండూ వంతెన కింద నుంచి వినిపించాయి. నేను నవ్వుముఖంతో దణ్ణం పెట్టాను.

నాకు కోపం రాలేదు. లోపలికొచ్చి రొయ్యల కారం నూరాను. ఒక సీసా అయింది.

జులై 24

ఇల్లంతా ఊడ్చాను. ఒక్క బోల్టు కూడా కాలికి గుచ్చుకోలేదు. ఎంత హాయి.

జులై 28, బహుళ అష్టమి. పుణ్యదినం

తెల్లబట్టలు కట్టుకుని, చాప, దోమతెర చంకన పెట్టుకుని విహారానికి వెళ్ళి అష్టశీలాలు తీసుకున్నాను. మర్నాడు తెల్లారేదాకా అక్కడే ఉండాలి. మిట్టమధ్యాహ్నం దాటితే ముద్ద ముట్టకూడదు. ఆకలి నాకో లెక్క కాదు. పక్కన లమియత్ ఉండటమే లెక్క.

"వదినా, ఈ వేళకి సంతలో అరటికాయ బజ్జీలు దించుతుంటారు కదూ?"

"ధర్మం విను లమియత్."

"వింటున్నాలే. నువ్వులు కూడా వేస్తారు. కొబ్బరి కోరు కూడా. కరకరలాడుతుంటాయి."

"నీకు పళ్ళు లేవు."

"నానబెట్టుకు తింటాను." మళ్ళీ నా ముఖంలోకి వంగి చూసింది. "కోపం వస్తోందా వదినా?"

"రావడం లేదు."

"ముక్కు ఎర్రబడిందే?"

"జలుబు."

"అబద్ధం ఆడకూడదు, శీలంలో ఉన్నాం."

ఇదెక్కడి న్యాయమో అర్థం కాలేదు. అబద్ధం ఆడితే శీలం పోతుంది, నిజం చెబితే ఒట్టు పోతుంది. అందుకని పొద్దుగూకేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను. నా ధ్యానం చూసి పెద్ద భంతే మెచ్చుకున్నారు.

జులై 29

రెండు సీసాలు.

ఆగస్టు 4, అమావాస్య. పుణ్యదినం

నా ఒట్టు ఊరికి ఆటైపోయింది. చేపల వ్యాపారి నిన్న నూడుల్స్ తింటూ, "రసం చల్లగా ఉందక్కా, పోయిన అమావాస్యదా?" అన్నాడు. తోడుగా వచ్చిన వాళ్ళంతా గిన్నెల మీద నుంచి కళ్ళెత్తి నా వైపు చూశారు. నేను నవ్వి, "వేడి చేసిస్తాను తమ్ముడూ" అన్నాను. వాడి చేతిలోని నూడుల్స్ తినే పుల్లలు జారిపోయాయి. ఈసారి రెండు వారాలు సారా ముట్టని మనిషి కదా, నాకు జరిగింది చూసి భయపడి సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టాడట.

లమియత్ కోడిపుంజు నా బల్లెక్కి మొలకలు తింటోంది. "పాపం, దానికి శీలాలు తెలియవు వదినా" అని గోడ అవతల నుంచే అంది ఆవిడ. నేను పుంజును చంకలో పెట్టుకుని తీసుకెళ్ళి ఇచ్చాను. దాని తల కూడా నిమిరాను.

నాకు కోపం రాలేదు. మూడు సీసాలు. ఇంట్లో సీసాలు అయిపోయాయి, కాఫీ డబ్బాల్లో పెట్టాను.

ఆగస్టు 15

కారం తీసుకెళ్ళడానికి అవతలి ఊరి నుంచి కూడా జనం వస్తున్నారు. ఇంత మెత్తగా ఎలా నూరుతావని అడిగారు. మనసు పెట్టి నూరతానన్నాను.

ఇల్లు ఊడ్చాను. నేల మీద ఏమీ లేదు. హాయిగానే ఉంది.

ఆగస్టు 19, పౌర్ణమి. పుణ్యదినం

ఈ రోజు చేపముద్దల ఆకుపచ్చ కూర, తీపి తులసి ఆకులు దండిగా వేసి వండుకెళ్ళాను. ఆయనకి ఇష్టమని కాదు. తులసి కొమ్మలు పెరిగిపోయాయి, కోసెయ్యాలి కదా. పనసతొనలు వేసిన కొబ్బరి పాయసం కూడా ఆయన కోసం కాదు.

ఎవరు ఏం తెచ్చినా అన్నీ పళ్ళేలలో పెట్టి భిక్షువుల వరుసకు అందిస్తారు. ముందు పెద్ద భంతే వడ్డించుకుంటారు, తర్వాత వయసును బట్టి కాదు, చేరిన కాలాన్ని బట్టి ఒక్కొక్కరూ. అరవై దగ్గర పడుతున్న మా ఆయన, పోయినేడు చేరిన కుర్రవాళ్ళ తర్వాత చిట్టచివర కూర్చుంటాడు. నా కూర పెద్ద భంతే దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు వడ్డించుకున్నారు. మా ఆయన దాకా వచ్చేసరికి గిన్నెలో ఒక వంకాయ తొడిమ ఉంది. దాన్ని చెంచాతో అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకుని వాసన చూశాడు.

ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. పెద్ద భంతే మాత్రం నిండుగా ఉన్నారు. భోజనాలయ్యాక నన్ను పిలిచి, "ఉపాసికా, నీ రొయ్యల కారం మాత్రం రోజూ పంపడం మానకు" అన్నారు.

నాకు కోపం రాలేదు. భంతే మీద ఎలా వస్తుంది! ఇంటికొచ్చి ఆయన అడిగిన కారం ఆయన కోసమే నూరాను.

ఆగస్టు 27, బహుళ అష్టమి. పుణ్యదినం

విహారానికి వెళ్ళేటప్పుడు చాపతో పాటు ఒక సంచీ కూడా తీసుకెళ్ళాను. అందులో ఆయన నీలం చొక్కా, ప్యాంటు ఉన్నాయి. బీరువాలో ముక్కవాసన వస్తుంటే గాలికి ఆరతాయని. "సంచీలో ఏంటి వదినా?" అని లమియత్ అడిగింది. "పాత గుడ్డలు" అన్నాను. పాతవే కదా, శీలం పోలేదు.

సెప్టెంబరు 5

వాన. ఆయన తడుచుకుంటూ వచ్చాడు. ఇప్పుడు తెడ్డు బాగానే వేస్తున్నాడు. మెట్లకు తగలడం లేదు. దీవెన అంతా మా రేవు దగ్గరే పూర్తవుతోంది. ఆ పడవ కదలకుండా నిలబడితే నాకెందుకో నచ్చలేదు.

నేను నవ్వుముఖంతోనే ఉన్నాను. ఈ నవ్వు ఇప్పుడు అలవాటైంది. తెల్లారి లేవగానే దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

సెప్టెంబరు 17, పౌర్ణమి. పుణ్యదినం

కొత్త భిక్షువులచేత కూడా ఒక్కోసారి ధర్మోపదేశం చెప్పిస్తారు. ఈ రోజు ఆయన వంతు. పీఠం ఎక్కించి కూర్చోబెట్టారు. ఇంటి దగ్గర ఇంజను గురించి తప్ప నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి. నేను మొదటి వరుసలో చేతులు జోడించుకుని కూర్చున్నాను. ఉపదేశం నడుస్తున్నంతసేపూ జోడించిన చేతులు దించకూడదు. అది చెప్పేవాళ్ళ అదృష్టం.

"కోపం అనేది..." అని మొదలుపెట్టాడు. మంటపమంతా ఒక్కసారి నా వైపు తిరిగి, మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"కోపం అనేది వేడెక్కిన ఇంజను లాంటిది. అనగా అనగా ఒక ఊళ్ళో ఒక ఉపాసిక ఉంది. ఆమె పేరు చెప్పను. ఆమె కాలువ గట్టున... ఏదో ఒకటి అమ్ముకునేది." వెనకాల ఎవరో "నూడుల్స్" అన్నారు. "ఆమెకి రోజూ కోపం వచ్చేది. ఇంజను వేడెక్కుతుంటే మనం ఇంజన్నే తిడతాం. కానీ తప్పు ఇంజనుది కాదు. దాంట్లో ఇరుక్కున్న చెత్తది. ఆ ఉపాసిక ఇంట్లో ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆమె కొత్త కుండలో నీళ్ళలా చల్లగా ఉంది." అంతటితో ఆపేసి కళ్ళు దించుకున్నాడు.

సాధు, సాధు, సాధు.

నన్ను ఇంజనన్నాడు. ఊరందరి ముందు, పీఠం మీద కూర్చుని, నాచేత దణ్ణం పెట్టించుకుంటూ ఇంజనన్నాడు. నాకు కోపం రాలేదు. అసలు రాలేదు. రేపు రొయ్యపొడి బస్తాతో తేవాలి.

సెప్టెంబరు 25, బహుళ అష్టమి. పుణ్యదినం

ఉదయం భోజనాలయ్యాక పెద్ద భంతే నన్ను పిలిపించారు. పక్కన ఛలియావ్ మామ, లమియత్ ఉన్నారు. భంతే ముందు నా కారం సీసా ఉంది, సగం ఖాళీగా.

"ఉపాసికా, తవిన్ భిక్షువు వర్షావాసం అయ్యాక కూడా ఉండిపోతానంటున్నాడు. ఇక కాషాయ చీవరం విడవడట. నీ అనుమతి ఎప్పుడో ఇచ్చావట కదా?"

ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు. జుట్టుపాయ చేత్తో పట్టుకుని నేనే అన్నాను.

"ఇచ్చాను భంతే."

"ఎందుకని అడిగాను. ఇన్నేళ్ళూ తన వల్లే నీకు కోపం వచ్చేదట. తను వచ్చేశాక నీ ముఖం వికసించిందట. రోజూ రేవు మెట్ల మీద చూస్తున్నాడట. తను దూరంగా ఉండటమే నీకు చేసే మేలు అంటున్నాడు." భంతే సీసా మూత తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టారు. "నీకేమైనా అభ్యంతరమా?"

కాషాయంలో ఉన్నవాణ్ణి బయటికి రమ్మనడం ఎంత పాపమో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. పైగా శీలంలో ఉన్నాను, అబద్ధం ఆడకూడదు. "భిక్షువు ధర్మంలో ఉండిపోతానంటే వద్దనడానికి నేనెవర్ని భంతే?" అన్నాను. అది అబద్ధం కాదు, ప్రశ్న. నవ్వుముఖంతోనే అన్నాను. నా ముఖానికి ఇప్పుడు అదొక్కటే వచ్చు.

"సాధు" అన్నాడు ఛలియావ్ మామ, అలవాటు కొద్దీ. లమియత్ ఆయన డొక్కలో పొడిచింది.

సెప్టెంబరు 26

నాకు కోపం రాలేదు. రోకలి విరిగింది.

సెప్టెంబరు 27

ఇల్లు ఊడ్చాను. ఏమీ గుచ్చుకోలేదు. మంచం కింద, బియ్యం డబ్బా వెనకాల కూడా వెతికాను. ఒక్క బోల్టు కూడా లేదు.

అక్టోబరు 2, అమావాస్య. పితృదేవతల పుణ్యదినం

పెద్దల పేరు మీద పంచే పేలాల పాకం ఉండలు కట్టడానికి నిన్నంతా లమియత్ వాళ్ళ పొయ్యి దగ్గరే ఉన్నాను. కొబ్బరిపాలు, బెల్లం, వేరుశనగలు, నువ్వులు, పేలాలు. చిక్కబడేకొద్దీ తెడ్డు కదలదు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని తిప్పాలి.

"ఆయన్ని వచ్చెయ్యమని చెప్పు వదినా."

"పాపం కదా."

"పోనీ నీకు ఎలా ఉందో చెప్పు. అది పాపం కాదుగా."

"ఎప్పుడు చెప్పను? పడవలో ఆయన, మెట్ల మీద నేను. నిమంత్రణం భంతే అనాలి, దణ్ణం పెట్టాలి, అంతే. అయినా నాకేమైంది, బాగానే ఉన్నాను."

లమియత్ తెడ్డు వదిలేసింది. పాకం అడుగంటుతున్నా పట్టించుకోలేదు. "నువ్వు బాగుంటే ఉన్నావేమో గాని నేను బాగాలేను. పాతికేళ్ళుగా నీ అరుపు వింటే గాని నాకు తెల్లారేది కాదు. ఇప్పుడు ఆ రోకలి చప్పుడు తప్ప కాలువంతా బోసిపోయింది. నా పుంజు కూడా నువ్వు అదిలిస్తావని రోజూ నీ బల్లెక్కి చూస్తోంది. నువ్వేమో దాని తల నిమురుతున్నావు. అది తిండి మానేసింది వదినా!"

నేను నవ్వబోయాను. ఏడుపొచ్చింది. పొగ అన్నాను. అబద్ధమే. నిన్న పుణ్యదినం కాదు గనక ఫరవాలేదు.

ఈ రోజు ఉండలు పంచాం. మాడు వాసన వచ్చినా అందరూ బాగున్నాయన్నారు. ఆయన వంతుకు వచ్చిన ఉండ ఆయన తినలేదు, మధ్యాహ్నం దాటిపోయింది. తాకకుండా ఆకులో చుట్టి పక్కన పెట్టుకున్నాడు.

అక్టోబరు 10, శుక్ల అష్టమి. పుణ్యదినం

తెల్లారి రేవు మెట్ల మీద కావాలని ముఖం చిట్లించుకుని కూర్చున్నాను. ముఖం చిట్లించడం కోపం కాదు, ముఖమే. ఆయన చూసి ఏమైనా అర్థం చేసుకుంటాడేమోనని. కనుబొమలు ముడవబోతే నుదురు నొప్పి పుట్టింది, మూడు నెలల నుంచి పని లేదు దానికి.

ఆయన చూసి కంగారుపడ్డాడు. దీవెన తొందరగా ముగించుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి విహారం నుంచి మనిషి వచ్చి, "ఉపాసికకి అజీర్తి చేసినట్టుందట, తవిన్ భంతే పంపారు" అని చూర్ణం పొట్లం ఇచ్చి వెళ్ళాడు.

వేసుకున్నాను. ఆయన పంపింది కదా.

అక్టోబరు 17, పౌర్ణమి. వర్షావాసం ముగింపు

రేపు తెల్లవారితే నా ఒట్టు తీరిపోతుంది. భిక్షువులందరూ ఈ రోజు ఒకరినొకరు, "నాలో తప్పులుంటే చెప్పండి" అని అడుక్కునే రోజు. మా ఆయన అడిగితే మిగతావాళ్ళు ఏం చెప్పారో తెలియదు. నన్నడిగితే సాయంత్రం దాకా చెప్పేదాన్ని.

రోజంతా ఆలోచించాను. ఆయన అక్కడ సంతోషంగా ఉన్నాడు. తెడ్డు వేయడం వచ్చింది, ఉపదేశం చెప్పడం వచ్చింది, చక్కెర జబ్బు కూడా తగ్గిందట. నేను ఏమీ మాట్లాడను. రేపు అందరితో పాటు భిక్షువుల పాత్రల్లోకి అన్నం పొట్లాలు విసిరి, దణ్ణం పెట్టి వచ్చేస్తాను. నీలం చొక్కా ఎవరికైనా ఇచ్చేస్తాను.

పొట్లాలు కట్టాను. కొబ్బరిపాలలో ఉడికించిన జిగురు బియ్యం, తాటాకులో ముడివేసి, విసరడానికి వీలుగా పొడుగు తోక వదిలి. గట్టిగా కట్టాను.

చొక్కా మాత్రం సంచీలోనే ఉంచాను, దారిలో ఎవరైనా అడిగితే ఇవ్వడానికి.

అక్టోబరు 18, శుక్రవారం

వరసగా రాస్తాను.

తథాగతుడు స్వర్గం నుంచి దిగివచ్చిన రోజు కదా, భిక్షువులు పాత్రలు పట్టుకుని విహారం మెట్ల మీద నుంచి వరుసగా దిగుతారు. జనం తొక్కిసలాటలో దగ్గరికి పోలేనివాళ్ళు పొట్లాలను తోక పట్టుకుని పాత్రల్లోకి విసురుతారు. నేను వెనక వరుసలో నిలబడ్డాను. పెద్ద భంతే దిగారు, కుర్రవాళ్ళు దిగారు, చివర ఆయన. మడమలు పగిలి ఉన్నాయి. చీవరం ఎడమ భుజం మీద ఊడిపోయేలా ఉంది. నన్ను చూసి ప్రశాంతంగా చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు నాది. మూడు నెలలుగా నేను మెట్ల మీద కూర్చుని నవ్వే నవ్వే.

నేను పొట్లం విసిరాను. సరిగ్గా పాత్రకే విసిరాను, ఒట్టు. ఆయన నాకు దీవెన ఇవ్వడానికి ముందుకు వంగాడు. పొట్లం గుండు మీద ఠాప్‌మని తగిలింది.

"అమ్మా!" అన్నాడు భిక్షువు.

"పాత్ర తిన్నగా పట్టుకోవడం కూడా రాదా!" అని అరిచాను నేను.

నోరు తెరిచాక ఇక మూతపడలేదు. "మూడు నెలలైంది, పాత్ర పట్టుకోవడం రాలేదు గాని పీఠమెక్కి నన్ను ఇంజనంటాడట! ఆ మడమలేంటి, కొబ్బరినూనె రాసుకోమని ఎన్నిసార్లు చెప్పాను? భుజం మీద గుడ్డ జారిపోతుంటే చూసుకోడు, ఆ బుగ్గలేంటి, ఎవరు తినమంటున్నారు నిన్ను వంకాయ తొడిమలు!"

ఆయన పాత్ర గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. గుండు మీద జిగురు అన్నం అంటుకుంది. "ఉపాసికా," అన్నాడు మెల్లగా, "నీకు కోపం వచ్చిందా?"

"వచ్చింది! రోజూ వచ్చింది! మూడు నెలలూ వచ్చింది! నీ దీవెన వంతెన కింద నుంచి వినపడ్డప్పుడు వచ్చింది, ఇంట్లో ఊడిస్తే ఒక్క బోల్టు దొరకనప్పుడు వచ్చింది. నువ్వు లేకపోతే నాకు చల్లగా ఉందని ఎవరు చెప్పారయ్యా నీకు? నువ్వు లేకపోతే నాకేం బాగాలేదు!"

అనేశాక మెట్ల మీద కూలబడ్డాను. భిక్షువును కొట్టాను, తిట్టాను, రమ్మన్నంత పని చేశాను. ఏ నరకంలో చోటుందో అనుకుంటున్నాను. పైకి చూస్తే ఆయన భుజాలు కదులుతున్నాయి. మొదటి రోజు మంటపంలో కదిలినట్టే. నవ్వుతున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

పెద్ద భంతే వెనక్కి తిరిగి వచ్చారు. అందరూ దారిచ్చారు.

"తవిన్ భిక్షూ, ఉపాసిక శాంతంగా ఉందని కదా ఉండిపోతానన్నావు. ఆమె కోపం ఎక్కడికి పోయిందో నన్ను అడగాల్సింది. రోజూ సీసాల కొద్దీ నాకే పంపింది. మూడు నెలలుగా తింటున్నాను." పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. "ఇంకో నెల నువ్వు ఇక్కడుంటే నా పేగులు మిగలవు. మంచిరోజు చూస్తాను, ఇంటికి వెళ్ళు."

ఛలియావ్ మామ మైకు అందుకున్నాడు. "పొట్లం విసరడం మన ఆచారం. గురి తప్పకూడదని శీలాల్లో ఎక్కడా లేదు" అన్నాడు.

సాధు, సాధు, సాధు. అందరికంటే గట్టిగా లమియత్ అంది.

అక్టోబరు 21

ఆయన చీవరం విప్పాడు. మామూలు బట్టలేవి అని అడిగితే సంచీ అందించాను. లమియత్ తొంగి చూసి, "పాత గుడ్డలా వదినా!" అంది. నోరు మూసుకోమన్నాను. ఎంత బాగుందో ఆ మాట అంటుంటే.

నీలం చొక్కా వదులైపోయింది. ఇంటికొచ్చి, రేవు మెట్ల మీద కూర్చుని రెండు పళ్ళేల అన్నం తిన్నాడు. ఆకులో దాచుకున్న మాడు ఉండ కూడా సంచీలోంచి తీసి తిన్నాడు, రాయిలా అయిపోయింది, అయినా తిన్నాడు. "కారం వెయ్యనా?" అన్నాను. "వద్దు" అన్నాడు తొందరగా.

లమియత్ పుంజు బల్లెక్కింది. చీపురు తిరగేసి అదిలించాను. అరుచుకుంటూ గోడ దూకి పోయింది. సాయంత్రం గింజలు తిందట.

అక్టోబరు 23

పొద్దున్న వంటింట్లో కాలు పెట్టగానే మడమలో ఏదో కస్సున దిగింది. బోల్టు. పొయ్యి మీద నా రసం గిన్నెలో కార్బురేటర్.

నాకు కోపం వచ్చింది.